శాతంతో పాటు ప్రశ్న కూడా అచ్చువేయండి

2005 డిసెంబరులో అమెరికాలో వాల్‌మార్ట్ మీద రెండు సర్వేలు వెలువడ్డాయి. ఆ సంస్థ దేశానికి చేటు అన్నవారు 56 శాతమని జాగ్బీ సర్వే తేల్చింది. మేలే చేసిందన్నవారు 64 శాతమని ఆ నెలలోనే ప్యూ పరిశోధన కేంద్రం చెప్పింది. అంతలోనే దేశం మనసు మార్చుకోలేదు. మారింది ప్రశ్న.

మంచి చేసిందా, చెడు చేసిందా అని ప్యూ సూటిగా అడిగింది. జాగ్బీ రెండు అభిప్రాయాలు వినిపించి ఒకటి ఎంచుకోమంది. ఒకటి: వాల్‌మార్ట్ మంచిదే, చౌకగా అమ్ముతుంది, రోజూ డబ్బు ఆదా అవుతుంది. రెండోది: అది చెడ్డది, ధరలు తక్కువే కావచ్చు గానీ వాటికి నైతికంగా, ఆర్థికంగా భారీ మూల్యం చెల్లించాల్సి వస్తోంది. రెండోదాన్ని మళ్లీ చదవండి. చౌక ధరలనే మంచిని అది ముందే ఒప్పేసుకుంది. నెలనెలా అక్కడే సరుకులు కొనుక్కునే మనిషి కూడా దానికి తలూపగలడు. ఆ సర్వే చేయించింది కార్మిక సంఘం అండతో వాల్‌మార్ట్‌పై పోరాడుతున్న ప్రచార బృందం. అంకెలు కల్పించారని నేననను. ఆ అవసరమే వారికి లేదు.

ప్యూ సర్వేలోనే మరో సంగతి ఉంది. కొనుక్కోవడానికి వాల్‌మార్ట్ మంచి చోటన్నవారు 81 శాతం. పనిచేయడానికి మంచి చోటన్నవారు 56 శాతమే. నా దృష్టిలో జనాభిప్రాయమంటే ఈ తేడాయే. దాన్ని ఒక్క అంకెకు కుదించి శీర్షికలో పెడితే మిగిలేది ప్రచారమే.

2018లో ఫ్లిప్‌కార్ట్‌లో దాదాపు 77 శాతం వాటా కొన్నాక వాల్‌మార్ట్ మనకు పరాయి సంగతి కాదు. ఆన్‌లైన్ అమ్మకాల మీద, కిరాణా కొట్ల మీద రెండు పక్షాలూ సర్వేలు చేయించగలవు. ప్రశ్న పూర్తి పాఠం, డబ్బు పెట్టినవారి పేరు, మనుషుల్ని ఎంచిన తీరు లేకుండా ఏ శాతాన్నీ అచ్చువేయవద్దని పత్రికా సంపాదకులను కోరుతున్నాను.

ప్రశ్న సరిగా ఉన్నా ఇప్పుడు మరో ప్రమాదం ముదురుతోంది. 1997లో ప్యూ ఫోన్ సర్వేలకు స్పందన రేటు 36 శాతం, 2018 నాటికి 6 శాతం. ఆ ఖాళీలోకి ఎవరైనా చేరి జవాబులిచ్చే చవక ఆన్‌లైన్ సర్వేలు వచ్చాయి. అలాంటి ఒకదానిలో, అణు జలాంతర్గామి నడిపే లైసెన్సు తమకుందని 30 ఏళ్లలోపువారిలో 12 శాతం మంది చెప్పినట్టు ప్యూ బయటపెట్టింది. నిజంగా అలాంటివారు దేశ జనాభాలో లెక్కకే రారు. పారితోషికం కోసం చదవకుండా నొక్కేవారు ఎక్కువగా ‘అవును’ వైపే మొగ్గుతారు. అందుకే అరుదైన అభిప్రాయాలు ఇలాంటి సర్వేల్లో అన్నిటికన్నా ఎక్కువగా ఉబ్బిపోతాయి.

చెడు వార్తలు విని వాల్‌మార్ట్‌కు వెళ్లడం మానేసిన వినియోగదారులు 2 నుంచి 8 శాతమని, ఆ సంస్థ కోసమే సలహా సంస్థ మెకిన్సే 2004లో చేసిన నివేదిక చెప్పింది. ఇదే ప్రశ్నను ఇప్పుడొక చవక ఆన్‌లైన్ సర్వేలో యువతను అడిగితే, నిజంగా మానేసినవారి కన్నా ఉత్తుత్తి ‘అవును’లే ఎక్కువ ఉండవచ్చు. ఆ అంకె చూసి ధరలు, జీతాలు, దుకాణాల భవిష్యత్తు నిర్ణయించే అధికారికి ఈ తేడా కనిపెట్టే దారే ఉండదు.