మా రోడ్డుకి లస్కర్ ఎవరు?



మన గోడపత్రికలో "మా ఊరికి రోడ్డు కావాలి" అని చాలామంది రాస్తారు. అది న్యాయమే. నేను ఇంకో మాట రాస్తున్నాను. మా ఊరికి రోడ్డు వచ్చింది. వచ్చి, పోయింది కూడా.

మాది రంపచోడవరం పైన కొండల్లో చిన్న ఊరు. నేను మూడో తరగతిలో ఉండగా తారు రోడ్డు వేశారు. ఆ రోజు ఊరంతా డప్పులు కొట్టి ఆడారు. అంతకుముందు మాకు కాలిబాట ఉండేది. ప్రతి ఏడూ వానలు పడకముందే మా తాత వాళ్ళు కత్తులు, గునపాలు పట్టుకెళ్ళి పొదలు కొట్టి, నీళ్ళకి దారి తీసేవాళ్ళు. తారు రోడ్డు వచ్చాక మానేశారు. "సర్కారు రోడ్డు కదా, సర్కారే చూసుకుంటాది" అన్నారు.

దారిలో ఒక వాగు ఉంది. దాని మీద తూము వేశారు. ఆ తూములో ఆకులు, వెదురు కొమ్మలు, మట్టి చేరాయి. ఎవరూ తియ్యలేదు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు పెద్ద వాన కురిసింది. నీళ్ళకి కింద దారి లేక రోడ్డు మీదినుంచి పారి, రోడ్డునే కోసుకుపోయాయి. అదే వారం మా పిన్నికి నొప్పులు వచ్చాయి. 108 బండి వాగు అవతలే ఆగిపోయింది. కర్రకి దుప్పటి కట్టి డోలీలో మోసుకుంటూ మొల లోతు నీళ్ళలో దాటించారు. పిన్ని బతికింది. బిడ్డ బతకలేదు.

తూములో చెత్త తియ్యడం నలుగురికి ఒక పూట పని. అంతే. ఆ పని సర్కారోళ్ళూ చెయ్యలేదు, మేమూ చెయ్యలేదు.

ఇంకో సంగతి చెప్పాలి. మా ఊరి మొదట్లో రోడ్డు బోర్డు ఉంది. దాని మీద మేం బట్టలు ఆరేసుకునేవాళ్ళం. మా ఊళ్ళో చదవడం వచ్చినవాళ్ళు తక్కువ. దసరా సెలవులకి వెళ్ళినప్పుడు నేను బట్టలు తీసి చదివాను. ఐదేళ్ళ పాటు రోడ్డు బాగోగులు వేసిన కాంట్రాక్టరే చూడాలని ఉంది. అప్పటికి నాలుగేళ్ళే అయింది! అడిగితే చేసేవారేమో. అలా అడగొచ్చని మాకు తెలియదు. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్లన్నిటికీ ఈ ఐదేళ్ళ రూలు ఉందని సోషల్ సార్ చెప్పారు. కాబట్టి మీరందరూ ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఊరి బోర్డు చదవండి.

మనం ధవళేశ్వరం వెళ్ళాం గుర్తుందా? కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేశారు. అది వందేళ్ళు దాటి పనిచేసింది. తర్వాత 1970లో మొదలుపెట్టి 1982కి ఇప్పటి బ్యారేజీ కట్టారు. దానికి 175 గేట్లు. అందరం కాటన్ దొర విగ్రహం చూసి దణ్ణం పెట్టాం. కానీ నాకు అనిపించింది, కట్టిన మనిషికి విగ్రహం ఉంది, రోజూ కాపాడిన మనుషులకి లేదు. డెల్టాలో వేసవి వస్తే కాలువలకి నీళ్ళు ఆపి పూడిక తీస్తారు, గట్లు, లాకులు బాగుచేస్తారు. గట్టు చూడటానికి లస్కర్ అని ఒక మనిషి ఉంటాడు. రైలు పట్టాలకి కీమాన్ ఉంటాడు. సుత్తి పట్టుకుని పట్టాల వెంట నడిచి చూస్తాడు. రాజమండ్రి హేవలాక్ బ్రిడ్జి మీద 1900 నుంచి 1997 దాకా రైళ్ళు నడిచాయి. చూసేవాళ్ళు లేకపోతే ఇనుము అన్నేళ్ళు నిలుస్తుందా? 1974లో వచ్చిన రోడ్డు-రైలు బ్రిడ్జి మీద కూడా 2023లో కొన్నాళ్ళు బళ్ళు ఆపేసి మరమ్మతులు చేశారు.

కాలువకి లస్కర్, పట్టాలకి కీమాన్. మరి కొండ మీద మా రోడ్డుకి ఎవరు?

దీన్ని ఇంజనీర్లు ఆస్తుల నిర్వహణ అంటారట. నాకు అర్థమైంది ఇది. ఒకటి, మనకి ఏమేం ఉన్నాయో పుస్తకంలో రాయాలి. రెండు, ఏది బాగుంది, ఏది పాడవుతోంది చూడాలి. మూడు, ఏది పోతే మనుషులకి ఎక్కువ ప్రమాదమో అది ముందు చెయ్యాలి. నాలుగు, దానికి ప్రతి ఏడూ కొంత డబ్బు పక్కన పెట్టాలి. మా అమ్మ తాటాకు ఇంటికి ఇలాగే చేస్తుంది. వానలకి ముందే కప్పు చూసి కొత్త ఆకు వేస్తుంది. కురిశాక వెయ్యదు.

"సర్కారు పని మనకెందుకు?" అని నా పక్క మంచం అమ్మాయి అడిగింది. తెగిన రోడ్డు కట్టడం మన వల్ల కాదు. అది ఇంజనీర్ల పని, వాళ్ళని గట్టిగా అడగాలి. కానీ తూములో ఆకు తియ్యడం మన వల్ల అవుతుంది. ఒకటి చేస్తే రెండోది అడగకూడదని ఎక్కడా లేదు.

మన హాస్టల్ సంగతి కూడా రాస్తాను, మేడం గారు కోప్పడకండి. బాత్‌రూముల దగ్గర కుళాయి వాషర్ పోయి నెల అయింది. రాత్రంతా నీళ్ళు కారి తెల్లారేసరికి ట్యాంకు ఖాళీ. వాషర్ ఎంత చిన్నది! ట్యాంకు నీళ్ళు లేక చిన్న తరగతుల పిల్లలు చీకట్లో వాగుకి వెళ్తున్నారు. పాములుంటాయి.

నా మనవి ఏమిటంటే, ఒక లాంగ్ నోట్‌బుక్ పెడదాం. కుళాయిలు, లైట్లు, తలుపు గడియలు, కాలవలు అన్నీ రాద్దాం. ప్రతి నెలా మొదటి ఆదివారం గదికి ఒకరు చూసి రాయాలి. మేడం గారు సంతకం పెట్టి, ఏది ముందు చేయించాలో చెప్పాలి. మొదటి నెల నేను చూస్తాను.

ఈసారి సెలవులకి వెళ్ళాక మా తమ్ముళ్ళని తీసుకెళ్ళి మిగిలిన తూములన్నీ తీయిస్తాను. పిన్నికి మళ్ళీ నెలలు నిండుతున్నాయి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని