తీగ తెగినచోట గగనమే దిక్కా?

* ఉపగ్రహ ఇంటర్నెట్‌పై కొండంత ఆశలు
* ఇరాన్‌, సూడాన్‌ అనుభవాలు చెబుతున్నది వేరు

అమలాపురం: కోనసీమ జిల్లాకు డాక్టర్‌ బి.ఆర్‌.అంబేడ్కర్‌ పేరు చేర్చే ప్రతిపాదనపై 2022 మే 24న అమలాపురంలో విధ్వంసం చెలరేగిన దరిమిలా జిల్లాలో మొబైల్‌ ఇంటర్నెట్‌ మూగవోయింది. అల్లరి మూకలు తగులబెట్టినవి మంత్రి, శాసనసభ్యుని ఇళ్లు. శిక్ష మాత్రం ఆ గొడవ ఊసే ఎరుగని లంక గ్రామాల వారికీ పడింది. ఇంటి నుంచే కొలువు చేసుకుంటున్న సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లు సంచిలో వేసుకుని, సిగ్నల్‌ అందే చోటు వెతుక్కుంటూ గోదావరి గట్లకు, పొరుగు జిల్లాలకు వెళ్లాల్సి వచ్చింది. ఉపగ్రహ ఇంటర్నెట్‌ ముంగిట్లోకి వస్తోందన్న వార్తలు వెలువడుతున్న తరుణంలో, నాటి ఇక్కట్లు చవిచూసిన వారికి కలిగే సందేహం ఒక్కటే. టవరును ఆపినంత తేలికగా ఆకాశాన్ని ఆపగలరా?

ప్రభుత్వాలు ఇంటర్నెట్‌ను ఇట్టే నిలిపివేయగలగడానికి కారణం లేకపోలేదు. టవర్లు, కేబుళ్లు ఆ దేశపు నేలపైనే ఉంటాయి. వాటిని నడిపే కంపెనీలు వేళ్లపై లెక్కించదగినన్నే, అవీ లైసెన్సు షరతులకు తలొగ్గినవే. కాబట్టి ఒక్క ఉత్తర్వు చాలు. ఉపగ్రహ మార్గంలో ఈ గొలుసు తెగుతుంది. సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉండే పాతతరం ఉపగ్రహాల మాదిరిగా కాక, స్టార్‌లింక్‌ ఉపగ్రహాలు 550 కిలోమీటర్ల ఎత్తులోనే పరిభ్రమిస్తుంటాయి. డాబాపై అమర్చిన పళ్లెం వంటి యాంటెన్నా వాటితో నేరుగా సంభాషిస్తుంది. అవి లేజర్‌ కిరణాలతో సమాచారాన్ని ఒకదాని నుంచి మరొకదానికి అందించుకుంటూ, పరాయి దేశంలోని భూకేంద్రంలో దించగలవు. ఈ విద్య ఆంధ్రులకు బొత్తిగా కొత్తదేమీ కాదు. ఇదే కోవకు చెందిన వన్‌వెబ్‌ సంస్థ ఉపగ్రహాలు 72, 2022 అక్టోబరులోను 2023 మార్చిలోను రెండు విడతలుగా శ్రీహరికోట నుంచే నింగికెగిశాయి.

పళ్లెం దొరికితే నేరం

ఇరాన్‌లో 2022 సెప్టెంబరు 16న మహ్సా అమీనీ అనే యువతి పోలీసు నిర్బంధంలో మరణించిన అనంతరం నిరసనలు భగ్గుమన్నాయి. ప్రభుత్వం ఇంటర్నెట్‌పై ఉక్కుపాదం మోపింది. వారం తిరగకముందే అమెరికా ఆర్థికశాఖ తన ఆంక్షలను కొంత సడలించి ఇరానీయులకు సమాచార సాధనాలు అందేందుకు దారి తెరిచింది. స్టార్‌లింక్‌ అధిపతి ఎలాన్‌ మస్క్‌ కూడా సేవలను ప్రారంభిస్తున్నట్లు వెల్లడించారు. అయితే అదే ఏడాది డిసెంబరు నాటికి ఆ దేశంలో పనిచేస్తున్న పరికరాలు వందకు చేరువయ్యాయని చెప్పింది కూడా ఆయనే. ఎనిమిది కోట్లకు పైబడిన జనాభాకు వంద పళ్లేలు! ఉపగ్రహం సరిహద్దు దాటుతుంది గాని, పెట్టెలో వచ్చే యాంటెన్నా దాటాలంటే దొంగరవాణాయే శరణ్యం.

ఆ రవాణా తర్వాతి కాలంలో పుంజుకుంది. పరికరాలు వేల సంఖ్యలోకి చేరాయి. 2025 జూన్‌లో ఇజ్రాయెల్‌తో యుద్ధం సాగిన రోజుల్లో దేశమంతటా ఇంటర్నెట్‌ దాదాపు స్తంభించగా, బయటి ప్రపంచంతో మాట కలిపిన కొద్దిమందిలో ఈ పళ్లేల వారున్నారు. ఆ నెలలోనే ఇరాన్‌ పార్లమెంటు స్టార్‌లింక్‌ వాడకానికి జైలుశిక్ష విధించే చట్టానికి ఆమోదం తెలిపింది. ఆర్థిక దుస్థితిపై రాజుకున్న ఆందోళనల నడుమ 2026 జనవరి 8న మళ్లీ దేశవ్యాప్తంగా ఇంటర్నెట్‌ నిలిచిపోయింది. ఈసారి ప్రభుత్వం ఆకాశ మార్గాన్నీ వదలలేదు. యాంటెన్నా తానున్న చోటును జీపీఎస్‌ సంకేతాల ద్వారా తెలుసుకుంటుంది. ఆ సంకేతాలను గందరగోళపరిస్తే ఉపగ్రహంతో లంకె కుదరడం కష్టమవుతుంది. జామర్ల ధాటికి పలు ప్రాంతాల్లో సేవలు దెబ్బతిన్నాయి. పైపెచ్చు పళ్లేన్ని నాలుగు గోడల మధ్య దాచేందుకు వీల్లేదు. దానికి ఆకాశం కనబడాలి. ఆకాశానికి కనబడేది పొరుగింటి మేడపైకీ కనబడుతుంది.

గంజి కేంద్రానికీ సిగ్నలే ఆధారం

ఇరాన్‌ సంగతి రాజకీయ స్వేచ్ఛకు సంబంధించినదైతే, సూడాన్‌ది అక్షరాలా అన్నం సమస్య. సైన్యానికి, ఆర్‌ఎస్‌ఎఫ్‌ అనే పారామిలటరీ దళానికి మధ్య 2023 ఏప్రిల్‌లో అంతర్యుద్ధం మొదలైంది. 2024 ఫిబ్రవరిలో దేశంలోని అధిక భాగంలో టెలిఫోన్‌, ఇంటర్నెట్‌ సేవలు ఆగిపోయాయి. నగదు కరువైన ఆ దేశంలో జనం అప్పటికే బంకక్‌ అనే బ్యాంకు యాప్‌పై ఆధారపడి బతుకుతున్నారు. విదేశాల్లోని బంధువులు పంపే సొమ్ము అందులోనే జమ అవుతుంది. పేటపేటకూ స్థానిక యువకులు నడిపే సామూహిక వంటశాలలకు విరాళాలూ ఆ దారినే వచ్చేవి. సిగ్నల్‌ పోయిన రోజున పొయ్యిలు ఆరిపోయాయి.

ఆ దశలో దొంగచాటుగా వచ్చిన స్టార్‌లింక్‌ పరికరాలే దిక్కయ్యాయి. కొట్ల ముందు యాంటెన్నా పెట్టి గంటకు ఇంతని వసూలు చేసే వ్యాపారం వెలిసింది. జనం బారులు తీరి, డబ్బు వచ్చిందో లేదో చూసుకుని వెళ్లేవారు. ఆర్‌ఎస్‌ఎఫ్‌ అధీనంలోని ప్రాంతాల్లో సాయుధులే ఈ పరికరాలపై పెత్తనం చేసి సొమ్ము చేసుకున్నారు. అనుమతి లేని దేశాల్లో సేవలు నిలిపివేస్తామని స్టార్‌లింక్‌ హెచ్చరించినప్పుడు, ఆ పని చేయవద్దంటూ సుమారు వంద మానవహక్కుల, సహాయ సంస్థలు వేడుకోవాల్సి వచ్చింది. తుపాకీ పట్టినవాడికీ, గంజి కాచేవాడికీ ఒకే పళ్లెం ఆధారం కావడం ఇక్కడి విషాదం. సాయుధుల కోసం దాన్ని ఆపితే ముందుగా పస్తులుండేది రెండోవాడే.

మీట ఎవరి చేతిలో?

సేవలు ఎక్కడ ఇవ్వాలి, ఎక్కడ మానాలి అన్న నిర్ణయం ఒక ప్రైవేటు కంపెనీది కావడం మరో చిక్కు. 2025 అక్టోబరులో మయన్మార్‌లోని సైబర్‌ మోసాల స్థావరాల పరిసరాల్లో 2,500కు పైగా పరికరాలను ఆపివేసినట్లు సంస్థ ప్రకటించింది. ఉద్యోగాల ఆశతో వెళ్లి ఆ స్థావరాల్లో చిక్కుకున్న వారిలో తెలుగు యువకులూ ఉన్నందున ఆ చర్యను ఎవరూ తప్పుపట్టరు. కాని ఒక ప్రాంతానికి సేవ ఆపాలనుకుంటే ఎంత సులువో ఆ ఉదంతం తేటతెల్లం చేసింది.

మన దేశానికి వస్తే పరిస్థితి పూర్తిగా భిన్నం. 2023 మే 3న హింస ప్రజ్వరిల్లిన మణిపూర్‌లో నెలల తరబడి మొబైల్‌ ఇంటర్నెట్‌ లేదు. 2024 డిసెంబరులో అక్కడ భద్రతాదళాలు స్వాధీనం చేసుకున్న ఆయుధాల నడుమ స్టార్‌లింక్‌ ముద్ర ఉన్న పరికరం కనిపించి కలకలం రేపింది. భారత్‌పై తమ ఉపగ్రహ కిరణాలు ఆపివేసే ఉన్నాయని మస్క్‌ ఖండించారు. ఆ మరుసటి ఏడాది మే నెలలో కేంద్ర టెలికాం శాఖ ఉపగ్రహ సేవలకు కఠిన భద్రతా షరతులు విధించింది. భారతీయుల సమాచారం ఇక్కడి భూకేంద్రాల గుండానే వెళ్లాలి. భూ సరిహద్దుల వెంబడి 50 కిలోమీటర్ల మేర ప్రత్యేక నిఘా మండలాలుంటాయి. అన్నింటినీ మించి, ప్రభుత్వం కోరిన వెంటనే ఒక వ్యక్తికి గాని, ఒక ప్రాంతానికి గాని సేవలు నిలిపివేసే ఏర్పాటు ఉండి తీరాలి. ఈ షరతులు వెలువడ్డాకే 2025 జూన్‌లో స్టార్‌లింక్‌కు లైసెన్సు, జూలైలో ఇన్‌స్పేస్‌ అనుమతి లభించాయి.

అంటే 2022 మే నాటి ఉత్తర్వు రేపు మళ్లీ వస్తే, లంక గ్రామంలోని పళ్లెం కూడా టవరుతోపాటే మూగపోతుందన్నమాట. లైసెన్సు ఉన్న సేవ ఉత్తర్వుకు లోబడుతుంది, లైసెన్సు లేని పరికరం కేసుకు దారితీస్తుంది. మధ్యేమార్గం లేదు. రహదారి, తీగ చేరని మన్యం గూడేలకు ఈ సేవ వరమే కావచ్చు గాని, నిషేధం నుంచి తప్పించే సాధనం మాత్రం కాబోదు.

కాబట్టి పోరు నింగిలో కాదు, ఉత్తర్వు కాగితంపైనే సాగాలి. జమ్మూకశ్మీర్‌లో ఇంటర్నెట్‌ నిలిపివేతపై దాఖలైన అనురాధా భాసిన్‌ కేసులో సుప్రీంకోర్టు 2020 జనవరి 10న తీర్పు చెప్పింది. నిరవధికంగా సేవలు ఆపడం చెల్లదని, ఉత్తర్వులను బహిర్గతం చేయాలని, ఆంక్షలు అవసరానికి మించరాదని స్పష్టం చేసింది. ఆ ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనంలో జస్టిస్‌ ఎన్‌.వి.రమణ, జస్టిస్‌ ఆర్‌.సుభాష్‌రెడ్డి తెలుగువారు కావడం విశేషం. ఒక్కో ఉత్తర్వు 15 రోజులకు మించరాదన్న పరిమితి అదే ఏడాది నిబంధనల్లోకి వచ్చింది. గడువు తీరగానే మరో ఉత్తర్వు ఇచ్చేందుకు అడ్డేమీ లేదని మణిపూర్‌ నిరూపించింది. ఉత్తర్వు ప్రతి చేతికి అందితేనే బాధితులు హైకోర్టు గడప తొక్కగలుగుతారు.