ఫోను పెట్టేసే ముందు

అమెరికాలో ఏ రాష్ట్రంలో ఊబకాయం ఎంత, షుగరు ఎంత, పొగతాగేవాళ్లెందరు అని రంగులు వేసిన పటాలు ఇక్కడుండే మనమూ చూస్తుంటాం. వాటి కింద సంస్థ పేరుంటుంది, పరిశోధకుల పేర్లుంటాయి. సాయంత్రాలు చెవికి హెడ్‌సెట్ తగిలించుకుని, తిట్లు తింటూ ఆ లెక్కలు రాబట్టిన మనిషి ఊసు మాత్రం ఎక్కడా ఉండదు. నా బాధంతా అదే.

ఆ లెక్కలు తెచ్చే ఫోన్ సర్వేని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 1984లో 15 రాష్ట్రాలతో మొదలుపెట్టింది. బిహేవియరల్ రిస్క్ ఫ్యాక్టర్ సర్వైలెన్స్ సిస్టమ్ అని నోరు తిరగని పేరు. ఇప్పుడు ఏటా 4 లక్షలకు పైగా మందిని పలకరిస్తోంది. నంబరు కంప్యూటరు ఇస్తుంది, అవతల ఎవరున్నారో తెలియదు. ఇంటి ఫోనైతే ఎత్తినవాళ్లతో మాట్లాడేస్తే కుదరదు. ఇంట్లో పెద్దవాళ్లెందరో అడిగి, చీటీ తీసినట్టు ఒకరిని ఎంచి, ఆ ఒక్కరినే పిలవమనాలి. ఆయన ఇంట్లో లేకపోతే ఇంకో రోజు మళ్లీ చేయాలి. సెల్‌ఫోనైతే ముందు అడగాల్సింది, మీరిప్పుడు మాట్లాడటం క్షేమమేనా అని. స్టీరింగ్ పట్టుకుని ఉన్నారేమోనని! మనకి ఫోన్ చేసేవాళ్లలో అంత శ్రద్ధ ఇంకెవరికుంది?

ప్రశ్న ఎలా రాసి ఉందో అలాగే చదవాలి. అవతలి ముసలమ్మ నిద్ర పట్టడం లేదని గోడు వెళ్లబోసుకున్నా సలహా చెప్పకూడదు, తరవాతి ప్రశ్నకి వెళ్లాలి. ఆ నిగ్రహం ఎంతమందికి చేతనవుతుంది?

ఫోనులో జనం బరువు తగ్గించి చెబుతారని ఎత్తిపొడుస్తారు. చెబుతారు, నిజమే. అయినా ఊబకాయం 1991లో 12 శాతం నుంచి 1998లో 17.9కి ఎగబాకిందని ఈ దేశానికి తెలిసింది ఈ ఫోన్ల వల్లే. ఆ తరవాత 2011లో సెల్‌ఫోన్ జవాబుల్నీ లెక్కలో కలిపారు.

ఇంటర్వ్యూలు ప్రధానంగా ఇంగ్లీషు, స్పానిష్‌లలోనే. పిల్లల దగ్గరికొచ్చి స్థిరపడ్డ మన అమ్మానాన్నల్లో ఆ రెండూ రానివాళ్లు ఫోనెత్తినా లెక్కకి రారు. అది వాళ్ల తప్పు కాదు. మరి ఇంగ్లీషు ధారాళంగా వచ్చిన మనం? 'స్కామ్' అని గొణిగి ఫోను పెట్టేస్తాం. నేనూ పెట్టేసినవాణ్ణే, రెండుసార్లు.

సర్వే వాళ్లు మీ కార్డు నంబరు అడగరు, సోషల్ సెక్యూరిటీ నంబరు అడగరు. అనుమానముంటే మీ రాష్ట్ర ఆరోగ్య శాఖకి ఫోన్ చేసి కనుక్కోండి. ఈసారి ఆ గొంతు వినబడితే పూర్తిగా మాట్లాడండి. ఆ పూట వంట కాస్త ఆలస్యమైతే కానివ్వండి.