హిసాబ్ కూడా అమానతే

ఇల్లు మారేటప్పుడు అమ్మీ సామానంతా మా చేతికిచ్చేది గానీ, ఉధార్ లెక్కల కాపీ మాత్రం తన సంచిలోనే పెట్టుకునేది. డేటాబేస్‌కూ అలాంటి ఖాతా ఒకటుంది. ఏ టేబుల్‌లో ఎన్ని వరసలు మారాయో, ఎన్ని పనికిరాకుండా పోయాయో పోస్ట్‌గ్రెస్ రాసుకుంటుంది. సఫాయీ ఎప్పుడు చేయాలో ఆటోవాక్యూమ్ ఆ హిసాబ్ చూసే తేల్చుకుంటుంది.

2022 నాటి 15వ వర్షన్ నుంచి ఈ లెక్కలు షేర్డ్ మెమరీలో ఉంటున్నాయి. సర్వర్‌ను సలామత్‌గా ఆపితే ఫైల్లోకి చేరతాయి, క్రాష్ అయితే పోతాయి. 2025లో వచ్చిన 18వ వర్షన్, ఎక్స్‌టెన్షన్లకూ సొంత లెక్కలు పెట్టుకునే ఇజాజత్ ఇచ్చింది. కానీ ఒక్కో పద్దు సైజు ముందే ఖరారు. పొడవాటి క్వెరీ అందులో పట్టదు. అలాంటిదాన్ని ఆపేటప్పుడు రాయడానికి, మొదలయ్యేటప్పుడు చదవడానికి ఎక్స్‌టెన్షన్ ఇచ్చిన ఫంక్షన్లను సర్వరే పిలవాలి. అవే కాల్‌బ్యాక్‌లు.

నా రాయ్ ఇది. రాసేదీ చదివేదీ జోడీగా ఉండాలి. ఒక్కటే ఇస్తే సర్వర్ ఒప్పుకోకూడదు. పెద్ద డేటా ఎక్స్‌టెన్షన్ సొంత ఫైల్లోనే ఉండాలి, అందరి ఖాతాలో కాదు. రెండు ఫైళ్లూ కుదరకపోతే సున్నా నుంచి మొదలుపెట్టాలి.

"ఉన్నంతవరకు చదివితే నుక్సాన్ ఏముంది?" అంటారు కొందరు. సున్నాతో మొదలుపెడితే సఫాయీ ఆలస్యమవుతుంది, నిజమే. కానీ ఖాళీ ఖాతా చూసినవాడు జాగ్రత్తపడతాడు. గలత్ ఖాతా చూసినవాడు భరోసా పెట్టుకుని మునుగుతాడు. అమానత్‌లో ఆధా హిసాబ్ చెల్లదు.