కారుకీ ఉంటుందండోయ్ కంటిన్యుటీ!

ఒక షాటుకీ మరో షాటుకీ మధ్య హీరోగారి చొక్కా గుండీ మారితే చాలు, ఇట్టే పట్టేసే మొనగాళ్లు మన పాఠకులు. అందుకే ఈ వారం మీకో పరీక్ష.

స్టీవ్ మెక్వీన్ నటించిన 'బుల్లిట్' (1968) చూశారా? శాన్‌ఫ్రాన్సిస్కో ఎత్తుపల్లాల వీధుల్లో మన హీరోగారి ఆకుపచ్చ ఫోర్డ్ ముస్టాంగ్, విలన్ల నల్ల డాడ్జ్ ఛార్జర్‌ని తరుముతుంది. దాదాపు 11 నిమిషాల ఛేజింగు! ఆ నల్ల కారు చక్రాల మూతలు ఎన్నిసార్లు ఊడిపడ్డాయో ఈసారి లెక్కపెట్టండి. చక్రాలు నాలుగే, మూతలు మాత్రం అంతకంటే ఎక్కువ! అయినా ఎడిటర్ ఫ్రాంక్ కెల్లర్‌కి ఆస్కార్ వచ్చింది. జనం అంత మైమరచిపోయారు మరి.

కానీ పాత అమెరికన్ కార్లకు మళ్లీ ప్రాణం పోసే లోకంలో ఇంతటి క్షమాగుణం ఉండదు. 'మజిల్ కార్' అంటే మామూలు ఒంట్లో భీముడి గుండెలాంటి పెద్ద ఇంజన్ పెట్టిన బండి. దాన్ని బాగుచేసేవాడు ఒక్క బోల్టు తప్పు పెట్టినా పోటీల్లో మార్కులు కోసేస్తారు.

పోల్చడం ఎలాగంటారా? సమాధానం నంబర్లలో ఉంది. ఆ సినిమాలో వాడిన ముస్టాంగ్ నంబరే తీసుకోండి: 8ఆర్02ఎస్125559. ఇది మంత్రం కాదు, జాతకచక్రం! 8 అంటే 1968 మోడల్. 'ఆర్' అంటే కాలిఫోర్నియాలోని అప్పటి శాన్ హోసే ఫ్యాక్టరీలో పుట్టింది. 02 అంటే వెనక వాలుగా దిగే ఫాస్ట్‌బ్యాక్ బాడీ. 'ఎస్' అంటే 390 క్యూబిక్ అంగుళాల ఇంజన్. మిగిలింది వరస నంబరు.

విడిభాగాలకూ ఇలాంటి గుర్తులే ఉంటాయి. ఫోర్డ్ భాగం మీద 'సి8జెడ్' అని మొదలైతే, 'సి' 1960ల దశాబ్దం, 8 ఆ సంవత్సరం, 'జెడ్' ముస్టాంగ్. పోతపోసిన ఇనుము మీద తారీఖు కూడా ఉంటుంది. '8ఎ15' అంటే 1968 జనవరి 15. ఇప్పుడు చూడండి తమాషా! కారు జనవరిలో తయారైంది, ఇంజన్ మీద మార్చి తారీఖుంది. అంటే అది పుట్టినప్పటి ఇంజన్ కాదు, తర్వాత ఎవరో తెచ్చి పెట్టిందే. తల్లికంటే ముందు పిల్ల పుట్టదు కదా!

ఇంకో పొరపాటు అతి మెరుపు. ఆనాడు ఫ్యాక్టరీలో రంగు హడావుడిగా కొట్టేవారు. అడుగున తుంపర్లు పడేవి, అక్కడక్కడా నారింజ తొక్కలా గరుకు తేలేది, తనిఖీ చేసినవాడి సుద్ద గీతలు అలాగే ఉండిపోయేవి. ఇప్పుడు దాన్ని అద్దంలా తోమి పెడితే అందంగానే ఉంటుంది. కానీ అది 1968 కాదు! పల్లెటూరి పాత్రకు పట్టుచీర కట్టినట్టుంటుంది. అందుకే నిజమైన పనివాడు ఆ గరుకునీ, ఆ సుద్ద గీతనీ కూడా తిరిగి తెస్తాడు.

ఇక్కడిదాకా సరే. అసలు చిక్కు సినిమా కారుతో వచ్చింది. దేన్ని 'ఒరిజినల్' అనాలి? ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టుందే ఒరిజినలా? తెరమీద కనిపించిందే ఒరిజినలా?

మెక్వీన్ నడిపిన ఆ ముస్టాంగ్‌ని 1974లో ఒక కుటుంబం పత్రికలో ప్రకటన చూసి కొన్నది. 1977లో మెక్వీనే వాళ్లకి ఉత్తరం రాశాడు, కారు తిరిగి ఇమ్మని. అందులో ఆయన కోరిక వినండి. దాన్ని కొత్తగా మెరిపించడం ఆయనకి ఇష్టం లేదు. సినిమాలో వాడినప్పుడు ఎలా ఉందో అలాగే తన ఇంట ఉండాలన్నాడు! కావాలంటే అలాంటి ముస్టాంగ్ ఇంకొకటి వెతికిపెడతానన్నాడు. వాళ్లు ఇవ్వలేదు. 1980లో ఆయన పోయాడు.

ఆ కుటుంబమూ ఆయన మాటే నిలబెట్టిందనాలి. ఇంజన్ బాగుచేయించి కారు నడిచేట్టు చేశారు గానీ, వెలిసిన రంగు జోలికి పోలేదు. కెమెరాలు బిగించడానికి అడుగున వెల్డింగు చేసిన ముక్కల్ని కోసేయలేదు. ఇదే ఆ కారని నిపుణులు తేల్చడానికి నంబరుతోపాటు అవే సాక్ష్యం చెప్పాయి. 2020 జనవరిలో ఫ్లోరిడా వేలంలో అది, కమీషన్‌తో కలిపి, 37 లక్షల 40 వేల డాలర్లు పలికింది! తుప్పు, గీతలు, చీకిన రంగు అన్నీ కలిపే సుమా!

దాని జోడు కారు కథ ఇంకా ఉత్కంఠ. స్టంట్లకు వాడిన ఆ ముస్టాంగ్, నంబరు సరిగ్గా దానికి ముందుదే, 2017లో మెక్సికోలో బయటపడింది. దాన్ని వేరే సినిమా కారుకు నకలుగా మార్చే ఏర్పాట్లు కూడా మొదలయ్యాయి. ఆఖరి నిమిషంలో నంబరు చూసి ఆపారు. మన సినిమాల్లో 'ఆపండి!' అని తాళి కట్టేముందు కేక వేస్తారే, అచ్చం అలాగ! రంగు కొట్టేసి ఉంటే చరిత్ర అక్కడితో సరి.

నా మటుకు నాకు ఇందులో ఒకటే లెక్క. మామూలు కారైతే ఫ్యాక్టరీ కాగితం చూసి, తారీఖు సరిపోయే భాగం వెతికి తెచ్చి బిగించండి. దొరక్కపోతే కొత్త నకలు పెట్టండి, తప్పులేదు. కానీ అది నకలని చెప్పండి. నకలుని అసలని అమ్మడం డూపుని చూపించి హీరో అన్నట్టే. కథ ఉన్న కారైతే మాత్రం స్క్రూడ్రైవర్ పట్టేముందు నాలుగు రోజులు ఊరికే చూడండి. ప్రతి చిల్లూ ఏదో ఒక షాటు గురించి చెబుతుంది.

చివరగా మీ పరీక్ష. ఈసారి 'బుల్లిట్' చూస్తే ముస్టాంగ్ ముందు జాలీని గమనించండి. ప్రతి ముస్టాంగ్‌కీ ఉండే పరుగెత్తే గుర్రం బొమ్మ అక్కడ కనిపించదు. షూటింగుకని తీసేశారు. పాపం, లోపం ఉందనుకుని ఎవరైనా మార్కెట్‌లో కొత్త గుర్రం కొని తగిలిస్తే? కంపెనీ ప్రకారం అది సవ్యమే. మెక్వీన్ మాత్రం ఒప్పుకునేవాడు కాదు!