బండ్ల బందెలదొడ్డి

పట్టణపు వీథులలో నిలిపిన బండ్లను పోలీసువారు క్రేనులతో నెత్తించి కొనిపోవుట నేడు నిత్యకృత్యమైనది. దీనినే టోయింగు అనుచున్నారు. మందుల దుకాణమునకో, ఆసుపత్రికో పోయి పావుగంటలో మరలివచ్చినవానికి బండి నిలిపినచోట ఉత్తనేల కనబడును. దొంగ కొనిపోయెనో, దొరతనమువారు కొనిపోయిరో తెలియదు. చెప్పువాడుండడు. ప్రక్క దుకాణదారు దయదలచి చెప్పిన సరి. లేకున్న ఆటో కట్టించుకొని ఠాణా వెంట ఠాణా తిరుగవలసినదే. పల్లెనుండి విత్తనములకో, వైద్యమునకో వచ్చిన రైతునకు జుల్మానాకంటె నీ తిరుగుడే పెద్దశిక్ష. ఈ విషయమున మా యభిప్రాయమును నిష్కర్షగ చెప్పదలచితిమి.

ముందుగా నొక్క మాట. దారి యందఱిది. తన సుఖమునకై నడివీథిలో బండి నిలిపిపోవువాడు పదిమంది సొత్తు నాక్రమించినవాడే. అంబులెన్సునకు దారి లేక రోగి ప్రాణములు కొట్టుకొనుచుండ, అగ్నిమాపక శకటము సందు మొగన నిలిచిపోవుచుండ, “ఐదునిమిషములే గదా” యను సమాధానము చెల్లదు. అట్టివాని బండిని తొలగించు నధికారము పోలీసులకుండవలసినదే. మా వివాదమా యధికారమునుగూర్చి కాదు. దానిని ప్రయోగించు తీరునుగూర్చి.

1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టమున 127వ సెక్షను ఈ యధికారము నిచ్చుచున్నది. బహిరంగస్థలమున పదిగంటలు గాని యంతకుమించి గాని దిక్కులేక విడువబడిన బండిని, నిలుపరాదని చట్టము నిషేధించినచోట నిలిపిన బండిని తొలగించుటకు, ఆ ప్రాంతమున నధికారముగల పోలీసు ఉద్యోగి, యూనిఫారములో నుండి, ఉత్తరువీయవచ్చును. రాకపోకల కపాయము గలిగించు బండిని తత్‌క్షణమే తీయించవచ్చును. లాగుటకైన ఖర్చంతయు, వేఱు శిక్ష యేమున్నను దానికి తోడుగ, యజమాని భరింపవలెను. సెక్షను సారమింతే. బండి యెచటనున్నదో యజమానికి తెలుపవలెనని గాని, చిట్టాలో వ్రాయవలెనని గాని, అన్యాయముగ లాగినచో పరిహారమీయవలెనని గాని ఆ సెక్షనున నొక్క ముక్కయు లేదు.

మన గ్రామములలోని బందెలదొడ్డిని పెద్దలెఱుంగుదురు. దానికి మూలము పరప్రభుత్వము 1871లో చేసిన పశువుల యతిక్రమణ చట్టము. చేను మేసిన పశువునే కాదు, రాజమార్గమున విచ్చలవిడిగ తిరుగు పశువును గూడ పట్టి దొడ్డికి తోలవచ్చునని ఆ చట్టము చెప్పెను. అయితే పట్టినవాడు ఇరువదినాలుగు గంటలలో దానిని దొడ్డికి చేర్పవలెను. ఎన్ని పశువులు, ఏ పోలికవి, ఏ దినమున నేవేళ వచ్చినవి, పట్టినవాడెవడు అను వివరములను దొడ్డి యధికారి పుస్తకమున నెక్కించి, పట్టినవానికి నకలీయవలెను. పశువునకు మేత, నీరు పెట్టవలెను. జుల్మానా రేట్లను, మేత ఖర్చులను దొడ్డి యొద్ద నలుగురికి కనబడునట్లు అంటింపవలెను. అన్యాయముగ పట్టిరని తోచినచో యజమాని పదిదినములలో మేజిస్ట్రేటుతో మొఱపెట్టుకొనవచ్చును. మొఱ నిజమైనచో, చెల్లించిన జుల్మానాయు ఖర్చులును గాక, మూలచట్టము ప్రకారము నూఱు రూపాయలవఱకు పరిహారము దొరకెడిది.

పరాయిదొరతనమున మూగపశువు యజమానికున్న ఈ హక్కులు, స్వతంత్రభారతమున బండి యజమానికి 127వ సెక్షనున కానరావు! పన్ను చెల్లించి, నంబరు వేయించుకొని, చిరునామా ప్రభుత్వ పుస్తకములలో నెక్కించుకొన్నవాని స్థితి యిది. ఇది మన శాసనకర్తలు తలవంచుకొనదగిన విషయము.

ఫలితములను దేశము చూచినది. 2017 నవంబరులో ముంబయిలోని మలాడునందు, చంటిబిడ్డతో తల్లి లోపల కూర్చుండియుండగనే కారును లాగుకొనిపోయిరి. ఆ దృశ్యము దేశమంతట వ్యాపింపగా, కానిస్టేబులు సస్పెండు చేయబడెను. ఆ తగవున నిరుపక్షముల వాదములు నెట్లున్నను, మనిషి లోపలనుండగా బండిని కదల్చుట యేన్యాయము? బెంగుళూరున ప్రజాగ్రహము పెచ్చుపెరిగి 2022 ఫిబ్రవరిలో టోయింగునే నిలిపివేసిరి. నిలిపివేయుటయు మందు కాదు. రోగము కుదురలేదని వైద్యమే మానిన చందమది.

రోగమూలము వేఱొకటి. అనేక పట్టణములలో క్రేను ప్రైవేటు కంట్రాక్టరుది. ఎత్తిన బండి లెక్కను కూలి ముట్టుచుండగా, వాని కన్ను దారికడ్డమైన పెద్దబండిపై నేల నిలుచును? సులువుగ లేచు ద్విచక్రవాహనముపైననే నిలుచును. యూనిఫారముగల యుద్యోగి యుత్తరువు నామమాత్రమై, కూలివారి యిష్టమే చట్టమగును. కంచెయే చేను మేయుట యన నిదియే.

కావున మేము కోరునది స్వల్పము. ఉత్తరువిచ్చు ఉద్యోగి క్రేనుతో స్వయముగ నుండవలెను. ఎత్తుటకు ముందు బండి యునికిని, దాని స్థితిని ఛాయాచిత్రము తీయవలెను. చక్రము నేల విడువకముందే యజమాని వచ్చినచో జుల్మానా మాత్రము గైకొని విడువవలెను. బండి చేరిన చోటును యజమాని ఫోనునకు వెంటనే తెలుపవలెను. రేట్ల పలక కట్టవలెను. పైకమునకు రసీదు, విఱిగిన భాగమునకు వెల ఇయ్యవలెను. కంట్రాక్టరు కూలి బండ్ల లెక్కన గాక దినపు లెక్కన నుండవలెను. ఇందు దొడ్డి చట్టమునకు మించిన కోర్కె యేదియు లేదు.

పురపాలకులకు నొక్క మాట. బండ్లకని ప్లానులో చూపిన నేలమాళిగలు దుకాణములై అద్దెలు తెచ్చుచుండ, బండ్లు వీథిన బడక యెచటికి పోవును? అట్టి కట్టడముల యజమానులలో మా పాఠకులు నుందురు. పట్టణమున మేడలు కట్టినవారు తమ మేడక్రింది చోటును ముందుగ విడుతురు గాక. నిలుపుటకు చోటు చూపని ప్రభుత్వమునకు, చోటునమ్ముకొన్న గృహస్థునకు, నిలిపినవానిని దండించు నైతికబలము చాలదు. న్యాయముగ ప్రవర్తించు నధికారమునకే ప్రజలు మనఃపూర్వకముగ తలయొగ్గుదురు.