సంపాదకుని మాట: లోయకు ఎక్కిన రైలు

లిలువాలో చదువుకునే పత్రికకు ఈసారి కొండల ఊరు ఎందుకని అడుగుతారేమో. సముద్ర మట్టానికి కొన్ని మీటర్లే ఎత్తున్న ఈ హుగ్లీ మైదానంలో, 1900 నుంచీ రైలుపెట్టెల వర్క్‌షాపు చుట్టూ పెరిగిన ఊరు మనది. ఆ కొండల ఊరు అరకునూ మార్చింది రైలే.

విశాఖ నుంచి సుమారు 115 కిలోమీటర్లు. తూర్పు కనుమల్లో 900 మీటర్ల ఎత్తున లోయ. 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ లైను గిరిజనుల కోసం వేసింది కాదు. బైలడిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవు చేరి జపాను వెళ్లాలి, అంతే! దారిలో బొర్రా గుహలు, సొరంగాలు, 996 మీటర్ల మీద షిమిలిగూడ స్టేషను. ఖనిజం కిందికి దిగింది, యాత్రికులు పైకెక్కారు.

వాళ్లు వెదురుబొంగు చికెన్ తిని, పసుపుపచ్చని వలిసె పూలలో ఫొటోలు దిగి వెళ్లిపోతారు. చోళ్లు, పసుపు, పిప్పళ్లు వచ్చే వారపు సంతలో కాసేపు నిలబడితే ఊరు ఇంకాస్త తెలుస్తుంది. సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల పక్కన పండే అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2022లో ఈ మన్యం అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. జిల్లా కేంద్రం మాత్రం పాడేరు. ఈ సంచికలో ఎక్కువ పుటలు సంతకే ఇచ్చాం.